మీ ప్రశ్నలు – మా జవాబులు: రాబర్ట్ పామర్ ‘అడిక్షన్స్’ సంకలనం

ఇంగ్లండ్ గాయకుడు రాబర్ట్ పామర్ (1949–2003) పాటల్లోంచి పదమూడింటిని ఏరి ఐలాండ్ రికార్డ్స్ సంస్థ 1989లో ‘అడిక్షన్స్: వాల్యూమ్ 1’ పేరుతో విడుదల చేసింది. ఈ సంకలనం గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఒక పాట గట్టి రాక్, దాని పక్కది సింథసైజర్ మీద నడిచేది, ఇంకోటి మెత్తగా సోల్ సంగీతంలా ఉంది. ఒకే మనిషి పాడినట్టు అనిపించలేదు. దీన్ని ఎలా వినాలి?

జవాబు: ఆ గందరగోళానికి సగం కారణం పాటల వరుస. ఇందులో పాటలను విడుదలైన క్రమంలో పెట్టలేదు. 1979 నాటి ‘బ్యాడ్ కేస్ ఆఫ్ లవింగ్ యూ’తో మొదలై, వెంటనే 1983కి దూకి, అక్కడి నుంచి 1985కి వెళ్లి, మళ్లీ 1980కి వెనక్కి వస్తుంది. కారులో వేసుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, పామర్ ఎలా మారుతూ వచ్చాడో తెలియదు.

సీడీ ప్లేయర్‌లో ప్రోగ్రామ్ మీట ఉంటే పాటలను ఈ వరుసలో పెట్టుకుని ఒకసారి వినండి. ముందు 1978 నాటి ‘ఎవ్రీ కైండా పీపుల్’. తర్వాత 1979 నుంచి ‘బ్యాడ్ కేస్ ఆఫ్ లవింగ్ యూ’, ‘వాట్స్ ఇట్ టేక్’. 1980లో వచ్చిన ‘క్లూస్’ ఆల్బమ్‌లోని మూడు పాటలు ‘లుకింగ్ ఫర్ క్లూస్’, ‘జానీ అండ్ మేరీ’, ‘వోక్ అప్ లాఫింగ్’ పక్కపక్కనే ఉండాలి. 1982 నుంచి ‘సమ్ గైస్ హ్యావ్ ఆల్ ద లక్’, ‘స్టైల్ కిల్స్’. 1983 నుంచి ‘ప్రైడ్’. 1985 నుంచి ‘సమ్ లైక్ ఇట్ హాట్’, ‘అడిక్టెడ్ టు లవ్’. చివర్లో ‘స్వీట్ లైస్’, 1988 నాటి ‘సింప్లీ ఇర్రెసిస్టిబుల్’.

ఇలా వింటే మొదట తెలిసేది గొంతు. ‘ఎవ్రీ కైండా పీపుల్’లో పామర్ గొంతు మధ్య స్థాయిలోనే, ఎక్కడా బిగుసుకోకుండా సాగుతుంది. ఫ్రీ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన ఆండీ ఫ్రేజర్ రాసిన పాట అది. రెండేళ్లు తిరిగేసరికి ‘జానీ అండ్ మేరీ’లో దాదాపు మాట్లాడుతున్నట్టే పాడతాడు. కింది స్వరాల్లో, ఎక్కడా ఊపు ఇవ్వకుండా, ఒకే తీరుగా వెళ్లిపోతాడు. కింద సింథసైజర్ ఆగకుండా పరుగెడుతుంటే పైన గొంతు కదలకుండా ఉంటుంది. పాటలోని దంపతుల అలసటంతా ఆ తేడాలోనే ఉంది. ఆ తర్వాత ‘అడిక్టెడ్ టు లవ్’ పెట్టండి. అక్కడ గొంతు బొంగురుపోయేదాకా లాగి, పదాల చివర్లను నొక్కి పలుకుతాడు. ఒక్కో తాళానికి తగ్గట్టు గొంతు బరువు మార్చుకోవడమే అతని బహుముఖ ప్రజ్ఞ. కొత్త శైలిని పైపైన తొడుక్కున్నట్టు ఎక్కడా ఉండదు.

‘క్లూస్’ పాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఆ రోజుల్లో పామర్ బహామాస్‌లోని నసావులో ఉండేవాడు. ఐలాండ్ అధిపతి క్రిస్ బ్లాక్‌వెల్ కట్టించిన కంపాస్ పాయింట్ స్టూడియో అక్కడే ఉండేది. టాకింగ్ హెడ్స్ బ్యాండ్ డ్రమ్మర్ క్రిస్ ఫ్రాంట్జ్, సింథసైజర్ సంగీతంతో అప్పుడే పేరు తెచ్చుకున్న గ్యారీ న్యూమన్ ఇద్దరూ ‘క్లూస్’ ఆల్బమ్‌లో పాలుపంచుకున్నారు. ‘లుకింగ్ ఫర్ క్లూస్’ మధ్యలో గిటార్ సోలో రావాల్సిన చోట జైలోఫోన్ వస్తుంది. హెడ్‌ఫోన్స్‌తో వినండి, ఆ చెక్కపలకల మోత ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తుంది.

ఈ సంకలనానికి ఒక పెద్ద లోటు ఉంది. పామర్ సొంతంగా పాడటం మొదలుపెట్టింది 1974లో. మొదటి ఆల్బమ్ ‘స్నీకిన్ శాలీ త్రూ ది అలీ’లో న్యూ ఆర్లీన్స్ వాద్యబృందం ద మీటర్స్, లిటిల్ ఫీట్ బృందానికి చెందిన లోవెల్ జార్జ్ వాయించారు. ఆ తొలి నాలుగేళ్ల ఫంక్ సంగీతం నుంచి ఈ సంపుటంలో ఒక్క పాటా లేదు. అందుకే ‘ఈ లయ పట్టు ఇతనికి ఎక్కడిది?’ అన్న ప్రశ్నకు ఇందులో సమాధానం దొరకదు.

ప్రశ్న: ‘అడిక్టెడ్ టు లవ్’ నా దగ్గర రెండు చోట్ల ఉంది. ఒకటి ఆరు నిమిషాలు, ఇంకోటి నాలుగు. ఏది అసలుది?

జవాబు: రెండూ అసలువే. ఆరు నిమిషాలది 1985 ‘రిప్‌టైడ్’ ఆల్బమ్‌లోది. నాలుగు నిమిషాలది రేడియో కోసం కత్తిరించి విడిగా విడుదల చేసిన సింగిల్. 1986 మేలో అమెరికాలో మొదటి స్థానానికి, ఆ ఏడాదే బ్రిటన్‌లో ఐదో స్థానానికి చేరింది ఈ పాటే.

మా ఓటు పొడవాటిదానికే. ఈ పాట బలం దాని మాటల్లోకన్నా డ్రమ్స్, బేస్ కలిసి తిరిగే తిరుగుడులో ఉంది. డ్రమ్స్ టోనీ థాంప్సన్‌వి. నిర్మాత బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. ఇద్దరూ షీక్ అనే డిస్కో బృందం వాళ్లు. గిటార్ సోలో డురాన్ డురాన్ అనే పాప్ బృందానికి చెందిన ఆండీ టేలర్‌ది. ఇలాంటి లయ ఒంటికి పట్టాలంటే సమయం కావాలి. నాలుగు నిమిషాల దాంట్లో అది పట్టేలోపే పాట అయిపోతుంది.

ఈ పాటను మొదట గాయని చాకా ఖాన్‌తో యుగళగీతంగా అనుకున్నారు. ఒప్పందాలు కుదరక ఆమె గొంతు తీసేయాల్సి వచ్చింది.

హిట్స్ సంకలనం ఏది కొన్నా ముందు అట్ట వెనక నిడివి చూడండి. అదే పాట, అదే పేరు ఉన్నా రెండు నిమిషాలు తక్కువుంటే అది సింగిల్ ఎడిట్ అని తెలిసిపోతుంది. ‘రీమిక్స్’, ‘రీమాస్టర్’ అనే మాటలను మాత్రం కలిపేయకండి. రీమాస్టర్ అంటే పూర్తయిన స్టీరియో టేపును మళ్లీ బదిలీ చేసి, దాని మొత్తం స్థాయి, స్వభావం సరిచేయడం. రీమిక్స్ అంటే విడివిడి ట్రాక్‌ల దాకా వెనక్కి వెళ్లి డ్రమ్స్ పెంచడం, గొంతు జరపడం, కొత్త వాద్యం కలపడం. ‘అడిక్షన్స్’లో కొన్ని పాటలకు రీమిక్స్ జరిగింది. ‘వోక్ అప్ లాఫింగ్’ను ‘క్లూస్’ ఆల్బమ్‌లో విన్నవాళ్లకు ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. 1980 నాటి రూపమే కావాలంటే ఆ ఆల్బమే కొనాలి.

ప్రశ్న: ‘సమ్ లైక్ ఇట్ హాట్’ పవర్ స్టేషన్ బృందం పాట కదా, పామర్ సంకలనంలో ఎందుకుంది? ఆ డ్రమ్స్ మోత అంత పెద్దగా ఉండి, చటుక్కున ఆగిపోతుంది. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు అలాంటిది రాబట్టగలరా?

జవాబు: అందులో పాడింది పామరే కాబట్టి. డురాన్ డురాన్‌లోని జాన్ టేలర్, ఆండీ టేలర్, డ్రమ్స్ మీద టోనీ థాంప్సన్, గొంతు పామర్‌ది, నిర్మాణం బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌ది. న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియో పేరునే బృందానికి పెట్టుకున్నారు. 1985లో ఆ పాట అమెరికాలో ఆరో స్థానానికి వెళ్లింది. ‘రిప్‌టైడ్’లో వినిపించే బలం ఇక్కడే మొదలైంది కాబట్టి దాన్ని వదిలేస్తే సంకలనానికి నడుము లేనట్టే.

ఇక ఆ మోత సంగతి. గదిలో మోగే ప్రతిధ్వనిని పెద్దది చేసి, అది సహజంగా చల్లారకముందే గేటుతో (ఒక స్థాయి కన్నా తక్కువ శబ్దాన్ని ఆపేసే పరికరంతో) తెగ్గొట్టే పద్ధతి ఇది. 1980లో గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బమ్‌తో ఇంజనీర్ హ్యూ ప్యాడమ్, డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్ దీన్ని లోకానికి వినిపించారు. ఆ దశాబ్దమంతా దీన్ని వాడారు. ఇంట్లో చేసే పద్ధతి ఇది:

స్నేర్ (టపటపమని మోగే డ్రమ్) ట్రాక్ నుంచి ఒక సెండ్, అంటే శబ్దానికి ఒక నకలు, తీసి రివర్బ్‌కు (ప్రతిధ్వని కలిపే పరికరానికి) పంపండి. రివర్బ్ నిడివి ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు. చిన్న రివర్బ్ పెడితే కోయడానికి ఏమీ మిగలదు, చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. రివర్బ్ తర్వాత ఒక కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించేది) గట్టిగా నొక్కాలి. దాని తర్వాత నాయిస్ గేటు. గేటు తెరుచుకోవడానికి సంకేతం రివర్బ్ నుంచి కాకుండా అసలు స్నేర్ ట్రాక్ నుంచి రావాలి. ఇందుకు గేటులో సైడ్‌చైన్ అనే అమరిక ఉంటుంది. హోల్డ్ (గేటు తెరిచి ఉండే సమయం) 200 నుంచి 300 మిల్లీసెకన్లు, రిలీజ్ (మూసుకోవడానికి పట్టే సమయం) 20 నుంచి 50 మిల్లీసెకన్లతో మొదలుపెట్టండి.

హోల్డ్‌ను పాట వేగానికి సరిపెట్టడం అసలు పని. నిమిషానికి 112 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు సుమారు 536 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో సగం 268. ప్రతిధ్వని సరిగ్గా అక్కడ తెగితే తాళానికి ఊతంలా ఉంటుంది. కొంచెం అటూఇటూ అయితే ఏదో తట్టుకుని పడ్డట్టు వినిపిస్తుంది.

ప్రతి చిన్న చప్పుడుకూ గేటు తెరుచుకుంటోందంటే హై-హ్యాట్ (డ్రమ్స్‌తో ఉండే జంట పళ్లాలు) శబ్దం స్నేర్ మైకులోకి కారుతోందని అర్థం. థ్రెషోల్డ్ (గేటు తెరుచుకునే శబ్ద స్థాయి) పెంచండి. అప్పటికీ ఆగకపోతే సైడ్‌చైన్‌లో సుమారు ఒక కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా తగ్గించండి. గేటుకు వినపడాల్సింది స్నేర్ ఒళ్లే గానీ పళ్లాల మోత కాదు. ఇవన్నీ చేసినా టోనీ థాంప్సన్ మోత రాకపోతే లోపం పరికరాల్లో ఉండదు. అతను కొట్టే బలం అలాంటిది. మెత్తగా కొట్టిన స్నేర్‌ను ఏ గేటూ పెద్దది చేయలేదు.

ప్రశ్న: 1989 నాటి బ్రిటన్ సీడీ చేతికొచ్చింది. అంచు దగ్గర కాఫీ రంగు పొర కనిపిస్తోంది. కడిగితే పోతుందా?

జవాబు: పోదు, కడగకండి. ముందు డిస్క్ మెరిసే వైపు మధ్యరంధ్రం చుట్టూ ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘మేడ్ ఇన్ యూకే బై పీడీఓ’ అని ఉంటే కారణం దాదాపు తెలిసినట్టే. 1988 నుంచి 1993 మధ్య బ్లాక్‌బర్న్‌లోని ఆ కర్మాగారంలో తయారైన డిస్కుల్లో కొన్నింటికి వాడిన లక్క పూత గంధకానికి తట్టుకోలేదు. అట్ట, కాగితపు పుస్తకం నుంచి వచ్చే గంధకం పూతను దాటి లోపలి లోహపు పొరను తినేస్తుంది. అంచు నుంచి లోపలికి కంచు రంగు పాకుతుంది. అప్పట్లో తయారైనవన్నీ ఇలా అవ్వవు. అయినవి మాత్రం వెనక్కి రావు.

సీడీలో పాటలు లోపలి వృత్తం నుంచి బయటికి రాసి ఉంటాయి. అందుకే అంచు పాడైతే ముందు దెబ్బతినేది చివరి పాటలు. ఆలస్యం చేయకుండా ఇవాళే కంప్యూటర్‌లోకి తీసుకోండి. తప్పులు సరిచూస్తూ మళ్లీ మళ్లీ చదివే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్ వాడండి, ఫైలు ఫ్లాక్ రూపంలో (నాణ్యత తగ్గని రూపం) ఉంచుకోండి. చివరి పాటలో చిటపటలు వస్తే డ్రైవ్ వేగం తగ్గించి ఇంకోసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిదాన్ని ఇంకోటి చదవడం మామూలే.

ప్రశ్న: పాత సీడీ చాలా మెల్లగా వినిపిస్తుంది. కొత్త రీమాస్టర్ గట్టిగా, కొట్టొచ్చినట్టు ఉంది. కొత్తదే మెరుగు కదా?

జవాబు: శబ్ద స్థాయి సమం చేయకుండా ఆ మాట చెప్పలేం. ఒకే రికార్డింగ్‌ను రెండు డెసిబెల్స్ పెంచి వినిపిస్తే ఎవరికైనా పెంచిందే బాగుందనిపిస్తుంది. చెవి స్వభావం అది.

రెండింటినీ ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ‘లౌడ్‌నెస్ నార్మలైజేషన్’లో రెండింటికీ మైనస్ 20 ఎల్‌యూఎఫ్ఎస్ (వినిపించే బిగ్గరతనానికి కొలమానం) ఇవ్వండి. మైనస్ 14 ఇవ్వకండి. పాత సీడీలో డ్రమ్స్ శిఖరాలు సగటు కన్నా చాలా ఎత్తున ఉంటాయి. అంత పెంచితే అవి గరిష్ఠ హద్దుకు తలకొట్టుకుని పోలిక అన్యాయమవుతుంది. సమం చేశాక ‘సింప్లీ ఇర్రెసిస్టిబుల్’లో ఒక్క స్నేర్ దెబ్బ మీదే మనసు పెట్టండి. పాతదాంట్లో అది గిటార్ల ముందుకు దూకి, కొత్తదాంట్లో గిటార్లతో సమానంగా చదునైపోతే, రీమాస్టర్‌లో లిమిటర్ (శిఖరాలను అణిచేసే పరికరం) ఎక్కువ వాడారని అర్థం. అప్పుడు పాతది ఉంచుకుని ప్లేయర్‌లో వాల్యూమ్ పెంచుకోండి.

ఒక తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపి, తేడా మాత్రమే వినే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అనలాగ్ టేపును రెండుసార్లు బదిలీ చేస్తే వేగంలో వెంట్రుకవాసి తేడా వస్తుంది. మిక్స్ ఒకటే అయినా రెండూ రద్దు కావు.

ప్రశ్న: ఎల్పీలో రెండు వైపులా చివరి పాట దగ్గర ‘స’, ‘ష’ శబ్దాలు గీరుకుంటున్నాయి. సూది పాడైందా?

జవాబు: సూది బాగున్నా రావచ్చు. ఎల్పీ తిరిగే వేగం నిమిషానికి 33⅓ చుట్లు, అది మారదు. కానీ అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెం.మీ. పరుగెడుతుంది, లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంటే అదే ‘స’ శబ్దం సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. ఒక్కో వైపు 20 నిమిషాల దగ్గర ఉంటే హాయి. 13 పాటలు రెండు వైపుల్లో సర్దితే గాళ్లు లేబుల్ దాకా వెళ్లక తప్పదు.

మొదట సూదిని మెత్తని కుంచెతో వెనక నుంచి ముందుకు తుడవండి. తర్వాత ప్రొట్రాక్టర్ (కోణం కొలిచే పలక) పెట్టి కార్ట్రిడ్జ్ (సూది బిగించిన భాగం) కోణం సరిచూడండి. సూది రికార్డు మీద మోపే బరువును తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచుకు తెండి. బరువు తగ్గిస్తే రికార్డుకు మేలని అనుకోవడం పొరపాటు. తక్కువ బరువుతో సూది గాడిలో ఎగిరి గోడలను కొడుతుంది. ఇంత చేసినా ఇబ్బందిగా ఉంటే గుండ్రటి మొన బదులు దీర్ఘవృత్తాకారపు మొన ఉన్న సూది తీసుకోండి. చివరి గాళ్లలో వెంటనే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ‘అడిక్టెడ్ టు లవ్’ గిటార్ వాయించడం కష్టమా?

జవాబు: వేళ్లకు సులువు, చేతికి కష్టం. చరణం ఏ, జీ, డీ, ఏ కార్డ్‌ల చుట్టూనే తిరుగుతుంది. పవర్ కార్డ్‌లుగా (రెండు స్వరాలతోనే కట్టే కార్డ్‌లు) ఏ ఆరో తీగ ఐదో ఫ్రెట్‌లో, జీ అదే తీగ మూడో ఫ్రెట్‌లో, డీ ఐదో తీగ ఐదో ఫ్రెట్‌లో. వేగం నిమిషానికి సుమారు 112 దెబ్బలు. 80తో మొదలుపెట్టి నాలుగేసి పెంచుకుంటూ వెళ్లండి. ఈ పాటలో కార్డ్ ఎంత ముఖ్యమో దాని తర్వాతి నిశ్శబ్దం అంతే ముఖ్యం. కొట్టగానే ఎడమచేతి వేళ్లు ఫ్రెట్ మీద నుంచి కాస్త సడలించి, కుడి అరచేయి అంచును బ్రిడ్జ్ దగ్గర ఆనించి మోతను ఆపండి. గెయిన్ (ఆంప్లిఫయర్‌లో శబ్దాన్ని గరుకు చేసే మీట) తగ్గించుకోండి. ఎక్కువ పెడితే ఆ నిశ్శబ్దాల్లోకి రొద చొరబడి, డ్రమ్స్‌కు చోటు లేకుండా పోతుంది.

ప్రశ్న: క్యాసెట్ మూగబోయినట్టు వినిపిస్తోంది.

జవాబు: డెక్‌లో టేపు రొద తగ్గించే డాల్బీ మీట మార్చి చూడండి. తేడా లేకపోతే టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు రోలర్‌ను మాత్రం నీళ్లతో తడిపిన బట్టతోనే తుడవాలి. ఈ ఒక్క క్యాసెట్టే మూగగా ఉంటే ఆజిమత్ స్క్రూను (హెడ్ వంపును సరిచేసేది) పావు చుట్టు కన్నా తక్కువ తిప్పుతూ, పళ్లాల మోత తేటగా వచ్చేచోట ఆపండి. తిప్పేముందు స్క్రూ మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి.

ప్రశ్న: ‘ఐ డిడ్న్ట్ మీన్ టు టర్న్ యూ ఆన్’ ఇందులో ఎందుకు లేదు? దీని తర్వాత ఏం కొనాలి?

జవాబు: అమెరికాలో రెండో స్థానానికి చేరిన పాట మొదటి సంపుటంలో లేకపోవడం లోటే. అది 1992లో వచ్చిన ‘అడిక్షన్స్: వాల్యూమ్ 2’లో ఉంది. అయినా రెండో సంపుటం కన్నా ముందు ఆల్బమ్‌లే కొనమంటాం.

‘జానీ అండ్ మేరీ’ నచ్చినవాళ్లు నేరుగా ‘క్లూస్’కు వెళ్లండి. పామర్ పనిలో మాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. నిడివి తక్కువ, తీసేయాల్సిన పాట ఒక్కటీ లేదు. ‘అడిక్టెడ్ టు లవ్’ నచ్చితే ‘రిప్‌టైడ్’. మీరు అడిగిన పాట కూడా అందులోదే. జిమ్మీ జామ్, టెర్రీ లూయిస్ జంట గాయని చెరెల్ కోసం రాసిన పాట అది. ‘సింప్లీ ఇర్రెసిస్టిబుల్’ కోసం ‘హెవీ నోవా’ కొనేవాళ్లు ఒక సంగతి తెలుసుకుని కొనండి. 1988లో పామర్ ఈఎంఐ సంస్థకు మారి చేసిన ఆల్బమ్ అది. హెవీ రాక్‌నూ బ్రెజిల్ బోసా నోవానూ కలపాలన్న ఆలోచనతోనే దానికి ఆ పేరు. ఒకే ధాటిలో సాగే రాక్ ఆశిస్తే నిరాశ తప్పదు.

‘ఎవ్రీ కైండా పీపుల్’ నచ్చినవాళ్లు 1978 ‘డబుల్ ఫన్’ కన్నా ముందు 1974 నాటి మొదటి ఆల్బమ్ వినండి. మొదటి మూడు పాటలు మధ్యలో ఆపకుండా ఒకదాని తర్వాత ఒకటి వినాలి. పాటల వరుస కలిపేసే షఫుల్ మీట ఆపేసి వినండి.